నడుమ జాగా

మా అమ్మ ఆరోగ్యమ్మ ఏటా నవంబరులో సమాధుల పండగనాడు జ్ఞానాపురం శ్మశానంలో రెండు సమాధులకు సున్నం వేసేది. ఎడమది నాన్నదని చెప్పింది. కుడిది ఎవరిదో చెప్పేది కాదు. రెండింటి దగ్గరా కొవ్వొత్తులు పెట్టి, చెరో జపమాలా చెప్పేది. ముప్పై ఏళ్ళు అదే వరస. నాకు వింతగా ఉండేది.

2003లో మంచం పట్టాక నన్ను పిలిచింది.

"ఒరే సిన్నప్పా, నన్ను ఆ రెండు సమాధుల నడుమ పెట్టండ్రా."

"ఎవులో పరాయి మనిషి పక్కనెందుకే? నాన్నకి ఈపక్క బోల్డు జాగా ఉంది కదా."

జపమాల పూసలు తిప్పడం ఆపింది.

"మీ నాయిన పోయిన యేడాదే తుపానొచ్చి సెక్క సిలువలు కొట్టుకుపోనాయిరా. రెండిట్లో ఒకటి మీ నాయినది. ఏదో తెల్దు."

"ఎడమదన్నావు కదే!"

"నువ్వడిగితే ఓపాలి ఏలు సూపించినాను. అంతే."

"ఇన్నేళ్ళూ సెప్పలేదేటి?"

"మొగుడి సమాధి ఏదో తెలీని ఆడదని ఊరంతా నవ్వదేటి? ఆ రెండోవోడికి నష్టమేటొచ్చింది? ఉత్తినే సున్నం, కొవ్వొత్తులూ!"

మర్నాడు పొద్దున్నే కొలత టేపు పట్టుకుని జ్ఞానాపురం బస్సెక్కాను. రెండు సమాధుల నడుమా మూడడుగులే ఉంది. అమ్మ సన్నటి మనిషి. సరిపోతుంది.