చెరిసగం గోళీలు

పత్తి చేనులో యంకవ్వ రెండు సాళ్లు ముందుంది. వెనక ఉలిగెమ్మ చూస్తున్నది తోడికోడలి చేతుల్ని కాదు, జడని. నడుము దాటిన జడ. తన తలకు చుట్టిన తువ్వాల కింద ఒక్క వెంట్రుక లేదు. కిలో పత్తి ఏరితే పన్నెండు రూపాయలు. పొద్దెక్కేసరికి యంకవ్వ ఒడి రెండుసార్లు నిండింది, తనది సగమూ కాలేదు. కళ్లు మండాయి. చెమట వల్ల అని ఎవరికైనా చెప్పొచ్చు గానీ, అది శుద్ధ కుళ్లు.

కుళ్లక ఏం చేస్తుంది? రొమ్ములో గడ్డ ముందు బయటపడింది ఉలిగెమ్మకు. అది చూసిన భయంతోనే యంకవ్వ కూడా రాయచూరు పోయి చూపించుకుంది. ఇద్దరికీ కోసి తీశారు. ఆ తర్వాత చిన్నది యంకవ్వకు రోజుకో గోళీ. పెద్దది ఉలిగెమ్మకు మూడు వారాలకోసారి నరంలోకి మందు, వాంతులు, బోడితల. దేవుడికి చిన్నకోడలే ముద్దు.

అత్త హనుమవ్వకు మాత్రం పక్షపాతం లేదు. చీరైనా, గాజులైనా, చేపముక్కైనా కోడళ్లిద్దరికీ సరిసమానంగా పంచుతుందని యాపలదిన్ని ఊరంతా ఆమెను మెచ్చుకుంటుంది. ఉలిగెమ్మ ఏడ్చిన రోజున యంకవ్వ గోళీల అట్ట తెచ్చి కత్తెరతో నడిమికి కోసింది.

"చెరి పదిహేను. సూదులకు పోవుడు బంద్ చెయ్. కూలన్న మిగుల్తది."

ఉలిగెమ్మ సంతోషంగా మింగింది. మూడో సూదికి పోలేదు. యంకవ్వ తన సగం అట్టను కొంగున కట్టుకుంది. ఆ ఇంట్లో ఎక్కువ ఉంచుకుందన్న మాట పడటం కంటే రోగమే నయం.

పదిహేను రోజులకే గోళీలు అయిపోయాయి. సోమవారం ఇద్దరూ దవాఖానకు పోయారు. నెల గోళీలు అప్పుడే ఎట్లా అయిపోయాయని నర్సు గద్దిస్తే యంకవ్వ ఉన్నదంతా చెప్పేసింది. కోసి తీసిన ముక్కల్ని పరీక్ష చేసే డాక్టరమ్మ దేవిక కేకలు వెయ్యలేదు. రెండు గాజు పలకలు తీసి, ఒకదాని తర్వాత ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టింది.

"ముందు యంకవ్వది చూడమ్మా."

గులాబీ రంగు కణాలు చిన్న చిన్న గుండ్రాలు కట్టి, నాటు వేసిన మడిలా ఒద్దికగా ఉన్నాయి. ఉలిగెమ్మ పలక మీద వరుసా లేదు, పొందికా లేదు. ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టున్నాయి.

"దాని గడ్డ గూడ ముద్దుగుంది," అంది ఉలిగెమ్మ. మనిషి దేనిమీదైనా అసూయ పడగలదు.

"ఈ తీరు చూసే నాకు అనుమానమొచ్చింది. ఇంకో పరీక్ష చేసి ఖాయం చేసుకున్నాం," అంది దేవిక. "బిళ్ల పనిచెయ్యాలంటే గడ్డలో అది తగులుకునే కొక్కేలుండాలి. యంకవ్వ గడ్డలో ఉన్నాయి. నీ దాంట్లో ఒక్కటీ లేదు. పేరొకటేగానీ మీవి రెండు వేరే రోగాలమ్మా. నువ్వెన్ని బిళ్లలు మింగినా దండగే. నీకు ఆ సూదే మందు."

"పోకుంటే చస్తనా?"

"రోగం మళ్లీ రావచ్చు. వస్తే నా చేతుల్లో ఉండదు. రేపే వచ్చి ఎక్కించుకో."

ఇంటికి రాగానే హనుమవ్వ కొత్త అట్ట అందుకుని కత్తెర తీసింది. యంకవ్వ తల దించుకుంది. ఉలిగెమ్మ కత్తెర వైపే చూసింది. వద్దంటే ముప్పై గోళీలూ యంకవ్వకే, జడా దానికే, చేనులో ముందు సాలూ దానికే. తనకు మిగిలేది వాంతులు.

అయినా ఉలిగెమ్మే అత్త చెయ్యి పట్టుకుంది.

"కొయ్యకత్తా."

"ఏందే, నీకేమన్న తక్కువ చేస్తున్ననా? సమానమే కద."

"నాకు సమానం వద్దు. రేపు కూలికి రాను, సూదికి పోత."

"నీ ఒక్కదానికే గంత చేస్తే, చిన్నదానికి నేనేమియ్యాలె?"

"ఏమియ్యకు."

అట్ట లాక్కుని యంకవ్వ ఒళ్లోకి విసిరింది ఉలిగెమ్మ. చేతికివ్వడానికి మాత్రం ఆమెకు మనసు రాలేదు.