చెవి తడుముకున్న ఘట్టం

చొక్కా చేతి మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించాడో లేదో, ఫోన్ మళ్లీ మోగింది. పొద్దుటి నుంచి ఇదే వరస. ఇన్నేళ్లుగా నాటకాలాడుతుంటే పలకరించని వాళ్లు కూడా ఇవాళ చుట్టాలైపోయారు. షాపు యజమాని అయితే బహుమతి వార్త పడ్డ పేపరు ముక్కను అద్దానికి అతికించి, బట్టలివ్వడానికొచ్చిన ప్రతివాడికీ "మా వాడే" అని చూపిస్తున్నాడు.

ఏ సంస్థ అండా లేకుండా, తమంతట తాము ఓ పాత గోదాములో ఆడిన నాటకం. దానికి ఉత్తమ ప్రదర్శన, ఇతనికి ఉత్తమ నటుడు. కొడుకు శవం ముందు తండ్రి మాట రాక, చెవి తడుముకుంటూ నిలబడిపోయిన ఘట్టానికి న్యాయనిర్ణేతల కళ్లు చెమర్చాయట. అంతటి మౌనం వాళ్లు ఎన్నడూ చూడలేదట!

అతనికి నవ్వొచ్చింది. అది నటనా పాడా? మాట మరిచిపోయాడంతే. మాట అందనప్పుడు చెవి తడుముకోవాలి, తెర చాటున టార్చిలైటు వెలుగులో నాటకప్రతి పట్టుకుని కూర్చున్న బావ మొదటి ముక్క అందించాలి. అక్క పెళ్లయిన కొత్తలో ఆడిన మొదటి నాటకం నుంచీ బావాబామ్మర్దుల ఏర్పాటు అది. ఆ రోజు తడుముకున్నాడు. మళ్లీ తడుముకున్నాడు. తెర వెనక ఉలుకూ పలుకూ లేదు. చివరికి మాట దానంతటదే గుర్తొచ్చింది గానీ, నాటకం అయిపోగానే మొహాన రంగైనా కడుక్కోకుండా వెళ్లి, అందరి ముందూ విరుచుకుపడ్డాడు.

"నిద్రపోయావా బావా? నా పరువు నిలువునా తీశావు గదా! చేతకాకపోతే ఇంట్లో కూర్చో!"

బావ తల వంచుకుని తువ్వాలు మడత పెట్టుకున్నాడు. ఆ తర్వాత రిహార్సల్‌కు రాలేదు. మంచాన పడ్డాడని తెలిసినా ఇతనూ మొహం చెల్లక, రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అని తప్పించుకు తిరిగాడు. ఇవాళ వంక దొరికింది. "నువ్వు నోరు విప్పి ఉంటే ఈ బహుమతి ఎక్కడిది బావా!" అనాలి. బావ పగలబడి నవ్వాలి. బట్టలు మడతపెడుతున్నంతసేపూ ఆ ఒక్క మాటే వల్లె వేసుకున్నాడు.

సాయంత్రం సందు మలుపు తిరగగానే అక్క గుమ్మం ముందు చెప్పులు గుట్టగా కనిపించాయి. వాటిని దాటుకుని లోపలికి పరుగెత్తాడు.

"మధ్యాహ్నం పోయాడురా," అంది అక్క. "ఎన్నిసార్లు చేసినా నీ ఫోను ఖాళీ లేదు."

"బహుమతి సంగతి... తెలుసా?"

"పొద్దున చదివి వినిపించా. నువ్వు చెవి తడుముకున్న ముక్క దగ్గరకొచ్చేసరికి తెగ నవ్వాడు. ఆ రోజు దగ్గు ముంచుకొచ్చిందట. నోరు తెరిస్తే హాలంతా వినపడి నీ సీను పాడవుతుందని తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడట."

"నాకెందుకు చెప్పలేదే?"

"వాడు వస్తాడుగా, అప్పుడు చెప్తాలే అన్నాడు. పోయేదాకా గుమ్మం వైపే చూశాడు."

బావ పక్కన కూలబడ్డాడు. పొద్దుటి నుంచి వల్లె వేసిన మాట ఒక్క ముక్కా నోటికి రాలేదు. తెలియకుండానే చెయ్యి చెవి దగ్గరకు వెళ్లింది.

తలగడ పక్కన బావ తువ్వాలు నాలుగు మడతలతో ఉంది. ఒక అంచున పళ్లు దిగి చిరిగిన చోట దారాలు పైకి లేచి ఉన్నాయి.