గున్నమ్మ ఇల్లు లేచిన తుపాను

పొద్దున్నే లేవగానే గున్నమ్మకి రెండు పనులు. మొదటిది, ఎండుచేపల తట్ట దించి పురుగు పట్టిందేమో చూసుకోవడం. రెండోది, గడప కింద చెయ్యి పెట్టి చూడడం. మామూలు రోజుల్లో గడప నేలకి అతుక్కుని ఉంటుంది. నీళ్ళొచ్చే ముందు మాత్రం కిందికి వేళ్ళు దూరతాయి.

తిత్లీ తుపాను వచ్చిన ఏడాది, దసరా పూజలు మొదలైన రోజునే దూరాయి.

"ఒలే అనూరాధా, సామాను సర్దు. ఇల్లు లేస్తన్నాది," అని కోడల్ని కేకేసింది.

గెడ్డపేటలో ఆ మాటకి ఎవరూ వింతపడరు. పోయిన పెనిమిటి ఎల్లాజీ పాత పడవ చెక్కలతో కట్టిన ఇల్లది. నీళ్ళొస్తే ఆడమనిషి కోక ఎత్తి పట్టుకున్నట్టు పైకి లేస్తుంది, నీళ్ళు తీసేశాక కూర్చుంటుంది. పక్కింటి కూర్మమ్మకి టీవీ మాట కన్నా ఆ గడప మాటే నమ్మకం.

"గున్నప్పా, ఎన్ని వేళ్ళు దూరినాయే?" అంది దడి అవతలినుంచి.

"నాలుగూ."

"ఓలమ్మ! అయితే నా మేకల్ని ఇప్పుడే తోలీస్తాను."

ఇల్లు లేవాలంటే దాని నడుం మీద బరువుండకూడదు. అందుకని ప్రతిసారీ బియ్యం డబ్బా, ట్రంకు పెట్టె, బిందెలు, గ్యాసు బండ, అన్నీ తుపాను షెల్టరుకి మోసేవారు. అయినా వంటింటి మూల మాత్రం లేచేది కాదు. ఇల్లు కుంటుకుంటూ లేచేది, ఆ మూలనుంచి నీళ్ళు చొరబడేవి. పోయినేడు ఆ బురదనీళ్ళు మనవరాలు హేమ కడుపులోకి ఎలా పోయాయో గానీ, వాంతులూ విరేచనాలూ పట్టుకుని పిల్ల బతికి బట్టకట్టడమే గగనమైంది.

అప్పట్నుంచి అనూరాధది ఒకటే మాట. "ఈపాలి నీళ్ళు లోపలికొస్తే పిల్లనట్టుకుని మా అమ్మోలింటికి ఎలిపోతాను అత్తా. మరి రాను. నీ కొడుకొస్తే వస్తాడు, లేపోతే లేదు."

కోపంగా అని ఉంటే గున్నమ్మ పట్టించుకునేది కాదు. అలిసిపోయి అంది. అందుకే భయం.

అసలు పేట పక్కన పారే గెడ్డ ఎల్లాజీ కాలంలో తిన్నగా సముద్రంలోకి పోయేది. ఊరి భూములన్నీ చేతిలో ఉన్న బుగత నరసింగరావు రొయ్యల చెరువు తవ్వించి, గెడ్డ మూతికి అడ్డంగా గట్టు పోయించాక నీళ్ళు వెనక్కి తిరిగి పేట మీద పడుతున్నాయి. అడగడానికి వెళ్తే, "గెడ్డ పక్కన ఇళ్ళెవరు కట్టుకోమన్నారు? కాలనీకి పోండి," అన్నాడు.

"గెడ్డ మా ఇంటికి రాలేదు బుగతా. నువ్వు తోలినావు," అని వచ్చేసింది గున్నమ్మ.

గడప కింద వేళ్ళు దూరిన ఆ రోజు, కొడుకు గోవింద్ కరెంటు మెయిన్ ఆపేసి, లైన్‌మాన్‌ని పిలిచి స్తంభం దగ్గర తీగ ఊడదీయించాడు. అనూరాధ నీళ్ళు కాచి మూత బిగించిన క్యాన్లలో పోసింది. పిల్ల మందులూ అగ్గిపెట్టే ప్లాస్టిక్ సంచీలో చుట్టింది. ఇల్లంతా ఖాళీ అయ్యాక వంటింటి మూల నిలబడి కిందికి చూసింది. నేలచెక్కల్ని బిగబట్టుకుని, భూమిలోకి పాతిన రోలు ఉందక్కడ.

"అత్తా, ఇల్లు కుంటుతున్నది ఈ రోలు వల్లే."

ఆ పేటలో కొత్త ఇంటికి ముందు రోలు పాతుతారు, ఆ తర్వాతే రాటలు. పాతిన రోలు కదిపితే కాపురం కదులుతుందని నమ్మకం. కూర్మమ్మ ఇల్లు రెండుసార్లు కూలినా, రోలు ఉన్నచోటే ఉంచి చుట్టూ గోడలు లేపుకుంది.

"ఓలమ్మో, ముట్టుకోకు! మీ అత్త పాతిన రాయే గున్నప్పా!" కూర్మమ్మ గుమ్మంలో గుండె బాదుకుంది.

గున్నమ్మ రోలుకేసి చూసింది. వాకిట్లో బట్టల సంచీ భుజానేసుకుని నిలబడిన హేమకేసి చూసింది.

"మళ్ళీ ఈ ఇంటికొస్తామా నానమ్మా?" అంది పిల్ల.

"గోవిందూ, గునపం తే," అంది గున్నమ్మ. "కాపురం ఎలాగూ కదిలిపోతన్నాది కూర్మీ. ఇంకేటి కదుల్తాది?"

తవ్వి, తాడేసి, రోలుని వాకిట్లోకి దొర్లించారు. దూలాలు కిర్రుమన్నాయి. నడుం నొప్పి వదిలిన మనిషిలా ఇల్లు ఒక్క నిట్టూర్పు విడిచింది. నాలుగు మూలలూ సమంగా, కింద పిల్లి దూరేంత ఎత్తు లేచింది.

తెల్లారగట్ల గాలి వచ్చింది. గాలి వెనక నీళ్ళు వచ్చాయి. షెల్టరు కిటికీలోంచి చూస్తే కొబ్బరిచెట్ల తలలు తప్ప పేట లేదు. నీళ్ళు కాస్త తీశాక జనం ఇళ్ళకి పరిగెత్తబోతే గున్నమ్మ మెట్ల మీద అడ్డంగా నిలబడింది.

"ఆగండర్రా! పాములు కూడా మనలాగే కొంప ఎతుక్కుంటాయి. కర్రలట్టుకుని, నేల మీద తాటించుకుంటా నడవండి. తీగ కనబడితే దాటకండి."

కర్రలు తాటించుకుంటూ వెళ్ళారు. తీరా చూస్తే గున్నమ్మ ఇల్లు ఉన్నచోట లేదు.

"సెప్పినానా!" అంది కూర్మమ్మ. అనూరాధ బురదలోనే చతికిలపడింది.

"నానమ్మా, మనిల్లు అదిగో!" అంది హేమ.

నరసింగరావు గట్టు మీద, సరిగ్గా గెడ్డ మూతి దగ్గర, బజారునుంచి నడిచొచ్చి తట్ట దించుకున్న మనిషిలా ఇల్లు కూర్చుని ఉంది. అది కూర్చున్న అదురుకి పక్కన గట్టు తెగి, గెడ్డ హోరుమంటూ సముద్రంలోకి పోతోంది. లోపలికెళ్ళి చూస్తే నేల పొడిగా ఉంది.

నరసింగరావు మనుషుల్ని వెంటేసుకొచ్చాడు. "నా గట్టు మీంచి ఇల్లు తియ్యండి!"

"నేను తెచ్చి పెట్టలేదు బుగతా. అదే వచ్చి కూకుంది. దానికే సెప్పు."

మనుషులు గోడకి భుజాలానించి తోశారు. ఇల్లు కదల్లేదు.

"నీళ్ళొస్తేనే లేస్తాది," అంది గున్నమ్మ. "నీళ్ళు రావాలంటే నువ్వు గట్టు కట్టాల. గట్టు కట్టాలంటే ఇల్లు లేవాల. సూసుకో మరి."

సాయంత్రానికి పేటలో నీళ్ళన్నీ గెడ్డ తాగేసింది. ఆ వారమంతా అందరూ కలిసి ఇంటింటి బురదా తడారకముందే గీకి ఎత్తిపోశారు. నానిన బియ్యం పారబోశారు. బోరులో బ్లీచింగు వేయించారు. కాచని నీళ్ళు ఎవరైనా నోట పెట్టుకుంటే అనూరాధ చెంబు లాగేసేది. ఆమె బట్టల సంచీ మాత్రం ఇంకా కట్టినది కట్టినట్టే ఉంది. గున్నమ్మ అటు చూసీ చూడనట్టు తిరిగేది.

నరసింగరావు రోజూ వచ్చి, ఇల్లు ఎప్పుడు లేస్తుందా అని గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడేవాడు.

ఒకనాటి పొద్దున అనూరాధ తుపానుకి విరిగిన మునగకొమ్మ ఒకటి ఎక్కడినుంచో ఈడ్చుకొచ్చింది.

"ఇది ఎక్కడ పాతమంటావు అత్తా? వచ్చే ఏడుకి కాయలు కాస్తాది."

గున్నమ్మ కళ్ళు తుడుచుకుని గట్టు అటూ ఇటూ చూసింది.

"ఆ బుగత నిలబడ్డ కాడ మట్టి బాగుంది," అంది. "కాసింత జరగమను."