అవతలి ఒడ్డు కోడలు, స్టేడియం గంట

స్టేడియం గంట తాడు కోడలి చేతికి వచ్చిందనగానే ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఇన్నాళ్ళూ గంట కొట్టిన మామగారికి భుజం పట్టేసింది, కొడుక్కేమో మెట్లెక్కితే కళ్ళు తిరుగుతాయి, ఇక మిగిలింది ఆవిడేగా! చిక్కల్లా ఆవిడ పుట్టిల్లు నదికి అవతలి ఒడ్డు కావడమే. అక్కడి ఫుట్‌బాల్ జట్టుకీ మన జట్టుకీ ఉప్పూ నిప్పూ. పైగా ఆ జట్టులో గోల్స్ కొట్టే మొనగాడు ఆవిడ సొంత తమ్ముడు.

గంటంటే మనవాళ్ళకి ప్రాణం. స్టేడియం కట్టిన ఏడాదే, మూతపడ్డ మిల్లు నుంచి తెచ్చి తూర్పు గ్యాలరీ పైన వేలాడదీశారు. మన జట్టు గోల్ కొడితేనే అది మోగాలి. మోగిందా, సెలూన్లో కత్తెర ఆగుతుంది, ఆసుపత్రిలో నర్సు నవ్వుతుంది, బళ్ళో పంతులుగారు ఏమీ విననట్టు నటిస్తారు.

"పుట్టింటిని గేటు దగ్గరే వదిలేసి రా తల్లీ," అన్నాడు మామగారు. "తేడా వస్తే కమిటీవాళ్ళు తాడు లాగేసుకుంటారు."

"నేనేం చిన్నపిల్లనా మామయ్యా!"

ఆట మొదలైంది. కాసేపటికే తమ్ముడు ఇద్దరిని బోల్తా కొట్టించి బంతిని వలలోకి తన్నాడు. చిన్నప్పుడు పెరట్లో వాడికి గోల్‌కీపరుగా నిలబడింది ఈ అక్కే. ఇంకేముంది, చెయ్యి దానంతటదే తాడు లాగేసింది. ఠంగ్!

స్టేడియమంతా తలెత్తి చూసింది. ఆవిడకి పైప్రాణాలు పైనే పోయాయి. ముఖం కందగడ్డ చేసుకుని కమిటీ కార్యదర్శి మెట్లెక్కి వస్తున్నాడు. తాడు వదిలేసి దిగబోతే మామగారు అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికి? ఆట ఇంకా ఉంది," అని, గ్యాలరీ అంతా వినేలా కార్యదర్శి మీద గొంతు పెంచాడు. "ఏమయ్యా, వరదొచ్చిన ఏడాది అవతలి ఒడ్డు జనం ఎక్కడ తలదాచుకున్నారు? ఈ గ్యాలరీ కిందే కదా! పడవ వచ్చినప్పుడల్లా మా నాన్న ఇదే గంట కొట్టేవాడు. మీ నాన్న పరిగెత్తి పసిపిల్లల్ని ఎత్తుకొచ్చేవాడు. ఆ పిల్లల్లో ఈ అమ్మాయి తల్లి కూడా ఉంది. వాళ్ళ కోసం ఈ గంట మోగడం కొత్తేం కాదు!"

వెనక బెంచీల్లో ముసలివాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. వాళ్ళని చూసి మిగతావాళ్ళూ అందుకున్నారు.

"మా నాన్న కూడా చెప్పేవాడులే," అన్నాడు కార్యదర్శి మెత్తబడి. "సరేనమ్మా, తాడు నీదే. కానీ అతిథుల గోల్‌కి ఒక్క దెబ్బే. రెండోది కొడితే ఊరుకోను!"

ఆట ముగుస్తుందనగా మనవాళ్ళు గోల్ కొట్టి సమం చేశారు. కోడలు నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ, అరచేతులు బొబ్బలెక్కేదాకా గంట కొట్టింది.

బయట గేటు దగ్గర తమ్ముడు మూతి ముడుచుకుని నిలబడ్డాడు. "ఏంటక్కా, నాకు ఒక్కటే కొట్టి, వాళ్ళకి చెవులు చిల్లులు పడేలా కొట్టావు?"

"ఒరేయ్, నీకు కొట్టిన ఆ ఒక్కదానికే తాడు పోయినంత పనైంది," అంది అక్క, వాడి చెవి మెలిపెడుతూ. "అయినా సరే, మళ్ళీ గోల్ కొట్టు, మళ్ళీ కొడతా."