వంగిన చెట్ల వాలు

మట్టి పరీక్షల ఆఫీసులో పెద్దసారుకు ఇరవై రెండేళ్ళ సర్వీసు. మూడేళ్ళ కిందట అక్కడే చేరిన చిన్నసారు ఆయన భార్యకు స్వయానా తమ్ముడు. అతన్ని చేర్పించిందీ, గొయ్యి తవ్వి మట్టి పొరలు చదవడం నేర్పిందీ బావే. ఇప్పుడేమో రైతులు ఫోన్ చేసి "ఆ చిన్నసారును పంపండి" అంటున్నారు. పెద్దసారు కబురు పొల్లుపోకుండా అందించేవాడు. ఏ రైతు అడిగాడో మాత్రం గుర్తుపెట్టుకునేవాడు.

చిన్నసారు తడిమట్టిని బొటనవేలితో నొక్కి రిబ్బనులా సాగదీసి, అందులో బంకమన్ను ఎంతుందో చెప్పేసేవాడు. ల్యాబు లెక్క వచ్చాక చూస్తే ఒకటి రెండు పాళ్ళకు మించి తేడా ఉండేది కాదు. పెద్దసారుకూ ఒకప్పుడు ఆ విద్య బాగానే వచ్చు. ఈ మధ్య ఆయన వేళ్ళు మొద్దుబారాయి. ఇంట్లో భార్య "మా తమ్ముడి వేళ్ళలో ఏదో ఉందండీ" అని మురిసిపోతే, "ఉంది, గోళ్ళ నిండా మట్టి ఉంది" అనేవాడు. ఆవిడ నవ్వేది. ఆయన నవ్వేవాడు కాదు.

ఆ ఏడు వానలకు ముందు ఒక రైతమ్మ, తన కొండవాలు నేలలో నీటికుంట ఎక్కడ తవ్వుకోవాలో చూసిపెట్టమని అర్జీ పెట్టుకుంది. ఇద్దరూ వెళ్ళారు. వాలు మధ్యలో అరుగు వేసినట్టు చదునైన జాగా ఉంది. చిన్నసారు అక్కడ మూడు గోతులు తవ్వించాడు. రెండడుగుల కింద చిక్కటి బంకమన్ను తగిలింది. నీళ్ళు ఇంకే మాటే లేదు, ఇంతకన్నా మంచి చోటు దొరకదని చెప్పాడు. రైతమ్మ మొహం విప్పారింది. మంచినీళ్ళు ముందు అతనికే అందించింది. పెద్దసారు అదీ గమనించాడు.

అక్కడ నిలబడబుద్ధి కాక ఆయన పైకి నడిచాడు. చదునుకు ఎగువన నేల నెలవంక ఆకారంలో తెగి ఉంది. ఆ గాటును గడ్డి కప్పేసింది. దిగువన చెట్లన్నీ మొదళ్ళ దగ్గర వంగి, ఆపైన నిటారుగా లేచాయి. కంచె రాళ్ళు వరసగా కిందికి ఒరిగాయి. సంగతి చప్పున వెలిగింది. ఆ చదును మొదటినుంచీ అక్కడిది కాదు. ఎప్పుడో పైనుంచి జారొచ్చి ఆగిన కొండముక్క అది. ఇంకా అంగుళం అంగుళం జారుతూనే ఉంది. అక్కడ తవ్వి నీళ్ళు నింపితే, అది కదిలి కిందనున్న రైతమ్మ ఇంటి మీదికి దిగడం ఖాయం.

కేకెయ్యబోయాడు. కింద రైతమ్మ ఏదో అంటుంటే చిన్నసారు నవ్వుతున్నాడు. ఆయన నోరు మూసుకున్నాడు. ఒక్కసారి బోర్లా పడనీ, అప్పుడు తెలిసొస్తుంది అనుకున్నాడు. రిపోర్టు మీద రెండో సంతకం ఆయనదే. మర్నాడు పెట్టేశాడు.

ఆ సంతకంతో ప్రాణం హాయిగా ఉంటుందనుకున్నాడు. రెండు రోజులు ఉంది కూడా. మూడోనాడు రైతమ్మ ఫోన్ చేస్తే, చిన్నసారు సీట్లో లేకపోవడంతో తనే ఎత్తాడు. సోమవారం తవ్వే మిషను వస్తోందని ఆవిడ సంబరంగా చెప్పింది. "వంటింటి కిటికీలోంచే నీళ్ళు కనిపిస్తాయి సారూ. నా మనవరాలైతే ఇప్పటినుంచే ఆ కిటికీ వదలడంలేదు" అంది. పెద్దసారు ఫోన్ పెట్టేసి, సోమవారానికి ఇంకా ఎన్ని రోజులుందో లెక్కపెట్టాడు.

ఆ మధ్యాహ్నం ల్యాబు వెనక వరండాలో మట్టి ఆరబోస్తున్న బావమరిది దగ్గరికి వెళ్ళి, చెట్ల సంగతీ కంచె సంగతీ పైనున్న గాటు సంగతీ అన్నీ చెప్పేశాడు. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఇదంతా ఎప్పుడు చూశారు బావా?"

"ఆ రోజే."

"చూసి కూడా సంతకం పెట్టారా?"

"పెట్టాను. నువ్వు పడితే చూడాలనిపించింది."

అతను చేతిలోని మట్టిగడ్డను చిదిమేశాడు. "అక్కకి మాత్రం చెప్పకండి" అన్నాడు.

చిన్నసారు అక్కణ్ణుంచి నేరుగా ఆఫీసరు గదిలోకి వెళ్ళి, తను పొరలు చూశాడే తప్ప వాలు చూడలేదనీ, తప్పు తనదేననీ, బావగారు పట్టుకున్నారనీ చెప్పాడు. రిపోర్టు రద్దయింది. రైతమ్మకు ఫోన్ చేసి మిషను ఆపించారు. తప్పు ఒప్పుకునే దమ్మున్నవాణ్ణి ఈ ఆఫీసులో ఇతన్నొక్కణ్ణే చూశానని ఆఫీసరు పదిమందిలో మెచ్చుకున్నాడు. పెద్దసారు తలుపు దగ్గర నిలబడి ఆ మెప్పంతా విన్నాడు. తనూ ఒప్పుకున్నాడు. విన్నవాడు ఒక్కడే, వాడు పైకి చెప్పడు. తన పరువు కాపాడింది కూడా వాడే అన్న ఆలోచన ఆయన్ని మరీ కాల్చింది.

వారం తిరక్కుండా ఇద్దరూ మళ్ళీ వెళ్ళి, వాలుకు పక్కగా గట్టి రాతి అడుగున్న పల్లం ఒకటి ఎంచారు. ఇది ఖాయమేనా బాబూ అని రైతమ్మ అడిగితే, చిన్నసారు "ఆయన్నడగండమ్మా" అన్నాడు. పెద్దసారు తల ఊపాడు. కుంట అక్కడే తయారైంది, తొలి వానకే నిండింది.

ఆ తర్వాత బావమరిది ఇంటికి రావడం మానలేదు. అక్కతో ఎప్పటిలాగే నవ్వుతూ మాట్లాడేవాడు. కానీ పెద్దసారు చూసి సరేనన్న ఏ నేలనైనా, మర్నాడు ఒక్కడే వెళ్ళి మళ్ళీ చూసుకొచ్చేవాడు.