పడవ బ్యాటరీని తాగిందెవరు?

ఆ పొద్దున ఆకాశం ఏ నిర్ణయానికీ రాలేదు. తూర్పున కాస్త తెల్లబడి, అంతలోనే మనసు మార్చుకుని, మబ్బు కప్పుకుని పడుకుంది. పడవ ఇంజనుదీ అదే వరస. దాన్ని నడిపే సరంగు తాళం తిప్పాడు. లోపల టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. మళ్లీ తిప్పాడు. ఈసారి ఆ చప్పుడు కూడా లేదు.

"బ్యాటరీ పోయిందిరా బుడుంగూ," అన్నాడు.

బుడుంగు సరంగు భార్యకు తమ్ముడు. మొదటిసారి పడవెక్కిన రోజు కాలుజారి నీళ్లలో పడ్డ చప్పుడే వాడికి పేరుగా మిగిలింది. చేపల వేట ఆపిన నెలల్లో సాయంత్రం నుంచి పడవకు కాపలా వాడే. "ఒక్క వంక లేకుండా పడవ అప్పజెప్పు, వేట మొదలైన రోజు సుక్కాను నీ చేతికిస్తా, నువ్వే నడుపు," అని సరంగు మాటిచ్చాడు. వేట రేపే మొదలు. ఇన్నాళ్లూ ఐసు మోసి, వలలు లాగి, బావ వీపు చూస్తూ పడవ నడపడం నేర్చుకున్న బుడుంగుకు ఆ మాట బెల్లంముక్కలా నోట్లో ఊరుతూనే ఉంది.

ఇప్పుడా బెల్లానికి చీమ పట్టింది. కాపలా పేరు చెప్పి, బ్యాటరీకి బల్బు తగిలించి, సాయంత్రాలు స్నేహితులతో క్యారమ్స్ ఆడింది వాడే మరి.

"దానికి వయసైపోయింది బావా," అన్నాడు ముఖం గోడలా పెట్టి.

"అవునవును, వయసే. వయసు కాక ఇంకేముంటుంది?" అన్నాడు సరంగు.

బావ ఒక మాటకు ఇంత తొందరగా తలూపడం అక్క పెళ్లైన దగ్గర్నుంచి వాడు చూడలేదు. పాత బ్యాటరీని చంటిపిల్లలా పొదివి పట్టుకుని వెనక నడిచాడు. దారిలో అక్క కూడా వచ్చి కలిసింది. "మీ ఇద్దర్నే పంపితే దుకాణమంతా మోసుకొస్తారు," అంది. ఎవరూ రమ్మనలేదు.

బ్యాటరీల దుకాణం మేడమెట్ల కింద ఉంది. ఒక మూల చార్జరు తేనెటీగలా రొద పెడుతోంది. దుకాణదారును అందరూ యాసిడ్ తాత అంటారు. చొక్కా నిండా యాసిడ్ చిల్లులే. ఆయన నాలుక తగిలినవాళ్లకూ అవే.

సరంగు ఒక్కో బ్యాటరీనీ పిడి పట్టి ఎత్తాడు. తట్టి చూశాడు. వాసన కూడా చూశాడు.

"మొప్పలు కూడా ఎత్తి చూడు నాయనా," అన్నాడు తాత. "అది చేప కాదు. బ్యాటరీ కూర్చునే పెట్టె కొలత తెచ్చావా?"

సరంగు జేబులోంచి ముడులేసిన తాడుముక్క తీశాడు. వల కన్నుకైనా, పెట్టె వెడల్పుకైనా ఆయన కొలతబద్ద అదే. తాత తాడు పరిచి చూసుకున్నాడు. ఇంజను ఎంతదో, వైర్లు ఏ పక్కకు వస్తాయో అడిగాడు. అటకమీంచి ఒకటి దించాడు. అంత పెద్దదేం కాదు.

"ఇది చాలు. ఒక్క తన్నుతో ఇంజన్ని లేపుతుంది. లేచాక ఇంజనే దీన్ని మేపుతుంది."

"ఇంకాస్త పెద్దది లేదా తాతా?" అన్నాడు బుడుంగు. "అంటే... కొంచెం ఎక్కువసేపు నిలిచేది."

"అదే నేనూ అనబోతున్నా," అన్నాడు సరంగు. "నెమ్మదిగా, చాలాసేపు ఇచ్చేది."

"మధ్యలో టపీమని ఆగిపోనిదైతే మరీ మంచిది," అంది అక్క, గోడకేసి చూస్తూ.

తాత ముగ్గురినీ వరసగా చూశాడు. "ఇంజను తిప్పడానికా, ఇల్లు నడపడానికా?"

తాత పాత బ్యాటరీకి మీటరు పెట్టాడు. "దీనికి వయసేం కాలేదు. ఇది పరుగుపందెం మనిషి. దీనిచేత రోజంతా బస్తాలు మోయించారు. ఎవరో గుటక గుటకగా తాగేశారు దీన్ని."

సుక్కాను బుడుంగు కళ్లముందే తేలుకుంటూ పోతోంది. బావ ఇప్పుడు తనవైపు తిరుగుతాడనుకున్నాడు. బావ మాత్రం తల గోక్కుంటూ, "చిన్న ఫ్యానుకి పెద్దగా పట్టదు కదా తాతా?" అన్నాడు.

"ఏ ఫ్యాను?" అంది అక్క.

"మాటవరసకి..."

"వల బాగుచేసొస్తానని మధ్యాహ్నాలు పోయి పడవలో ఫ్యానేసుకుని గుర్రుపెట్టావా? అందుకేనా ఆ వల ఇంకా చిరుగులతోనే ఏడుస్తోంది?"

"మరి నువ్వేంటే, మధ్యలో ఆగిపోనిది అన్నావు?"

అక్క కొంగు సర్దుకుంది. "ఫోనులో సీరియల్. మీ ఇద్దరి అరుపుల మధ్య ఇంట్లో ఒక్క ముక్క వినపడి చస్తుందా? పొద్దున్నే పడవలోకి పోయి చార్జింగు పెట్టుకుని చూసేదాన్ని."

పొద్దున ఆమె, మధ్యాహ్నం ఆయన, సాయంత్రం వీడు. మిల్లులో షిఫ్టులు కూడా ఇంత చక్కగా నడవవు. బుడుంగుకు లోపల చల్లగాలి తగిలింది. నోరు కుట్టేసుకుంటే చాలు, పాపం వాళ్లిద్దరిదే, సుక్కాను తనదే. పెదవులు బిగించి, ఎంతో బాధపడ్డవాడిలా తలాడించాడు.

తాత పాత బ్యాటరీని పక్కకు జరపబోయాడు. పట్టీ సందులోంచి ఎర్ర కాయ ఒకటి జారి బల్లమీద గిరగిరా తిరిగి పడుకుంది. క్యారమ్స్ రాణి.

"ఓహో," అన్నాడు సరంగు. "రాణిగారి కాపురం కూడా మా పడవలోనేనా?"

తాత ఇక ఎవరినీ అడగలేదు. తనే రెండు బ్యాటరీలు బల్లమీద పెట్టాడు. "ఇది ఇంజనుకి. అది మీ ముగ్గురికి. మధ్యలో ఈ స్విచ్చు పెట్టుకోండి. మీ దాహం ఇంజను బ్యాటరీ జోలికి పోదు."

రెండూ బుడుంగే మోశాడు. ఒకటి దించి వచ్చి రెండోది. దారి పొడుగునా బావ చేతులూపుకుంటూ నడిచాడు. పడవ అదిరినా కదలకుండా పట్టీ బిగించి, వైర్లు తగిలించి, సరంగు తాళం తిప్పాడు. ఇంజను ఒక్క తన్నుకే లేచి గొంతు సవరించుకుంది.

"ఒక్క వంక లేకుండా అన్నాను," అన్నాడు సరంగు, సుక్కాను మీద చెయ్యి వేసి.

"నిజమే బావా. ఉన్నవి మూడు. అందులో నాది ఒకటే."

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సరంగు సముద్రంకేసి చూశాడు. పెళ్లాంకేసి చూశాడు. ఆ రెంటిలో ఏదీ తన పక్షాన లేదు. చెయ్యి తీసేశాడు.

"రేపు రేవు దాటించు. వల వేసే చోటు దాకా నువ్వే పట్టు."

"మరి నువ్వు?"

"నేను పడుకుంటా."

అక్క ఇంజను పెట్టె మూత మీద గిన్నెలు దించింది. వేడి అన్నం, వేయించిన చేప. ముగ్గురూ చుట్టూ చేరి, తలెత్తకుండా తిన్నారు. ఎత్తితే నవ్వొస్తుంది.