కూలరు పక్క బల్ల

ఆ చొక్కాల కార్ఖానాలో కాలరు అతికే మిషన్లు రెండు. అందులో పాతది అందరి చేతికీ లొంగదు. లొంగింది ఒక్కామెకే. ఆమెను అందరూ సీసాలమ్మ అనేవాళ్లు, సంచిలో ఎప్పుడూ రెండు నీళ్లసీసాలు ఉంటాయి గనక.

ఆమెది పుట్టుకతో వచ్చిన రక్తం జబ్బు. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవలిలా వంగిపోతాయి. ఒంట్లో నీరు తగ్గినా, చలి తగిలినా అవి గుంపుగా ఇరుక్కుని దారి మూసేస్తాయి. అప్పుడు ఎముకల్లో లేచే నొప్పి పగవాడికి కూడా వద్దు.

పనిలో చేరిన కొత్తలో జబ్బు సంగతి దాచింది. మాటిమాటికీ లేచి బాత్రూముకు వెళ్తే పక్కవాళ్లు మూతులు విరుస్తారని నీళ్లు తాగడమే మానేసింది. ఆరు నెలల్లో మూడుసార్లు ఆసుపత్రి పాలైంది. మూడోసారి తిరిగొచ్చాక సిగ్గును గాలికొదిలేసింది. గంటకో గ్లాసు నీళ్లు, ఎండాకాలంలోనూ స్వెట్టరు, వేళకు తిండి, వేళకు నిద్ర. ఎవరైనా నవ్వితే, "నవ్వండమ్మా, పళ్లకు గాలి తగులుద్ది" అనేది. ఏడాదిన్నరగా మళ్లీ ఆసుపత్రి మంచం ఎక్కలేదు.

ఒక సోమవారం వచ్చి చూస్తే ఆమె మిషను దగ్గర వేరే అమ్మాయి కూర్చుని ఉంది.

"నీకు దారాలు కత్తిరించే బల్ల ఇచ్చానమ్మా. కూలరు పక్కనే, హాయిగా ఉంటది" అన్నాడు కుట్టుపని పురమాయించే మాస్టారు.

"నేనడిగానా?"

"మీ అన్న అడిగాడు. చెల్లెలికి ఒంట్లో బాగోదు, తేలిక పనియ్యమని చేతులు పట్టుకున్నాడు."

అన్న అదే కార్ఖానాలో గుడ్డ కత్తిరించే మనిషి. చిన్నప్పుడు నొప్పి వస్తే చెల్లెల్ని వీపున మోసుకుని బడికి తీసుకెళ్లినవాడు. ఆమె సరాసరి అతని బల్ల దగ్గరికి నడిచింది. నలభై మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఏరా అన్నయ్యా, నాకు బాగోలేదని నీకెవరు చెప్పారు?"

"మొన్న మెట్లెక్కి ఆయాసపడ్డావు, చూశాను కదే."

"మూడంతస్తులెక్కితే మాస్టారూ ఆయాసపడతారు. ఆయన్ని కూర్చోబెట్టావా దారాలు కత్తిరించమని?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు దగ్గాడు.

"నీ మంచికే కదే..."

"నా మంచి! సలహా చెప్పేముందు ఆ బల్ల దగ్గర ఒక్క గంట కూర్చున్నావా? ముఖాన చల్లగాలి కొడుతుంటే మధ్యాహ్నానికల్లా నన్ను స్ట్రెచరు మీద మొయ్యాలి. చలి నాకు శత్రువని అమ్మ నీకు వెయ్యిసార్లు చెప్పలేదూ? నువ్వూ మాస్టారూ కలిసి, వెతికి వెతికి, నన్ను పడుకోబెట్టే చోటే చూశారు!"

అన్న కత్తెర కింద పెట్టి కూలరు వైపు చూశాడు. కూలరు సంగతి అతని బుర్రకు తట్టనే లేదు. జాలిపడటంలో మునిగిపోయి జబ్బు సంగతే మర్చిపోయాడు మహానుభావుడు.

"రేపేమన్నా అయితే ఎవరు చూసుకుంటారే?" అన్నాడు.

"నేనే చూసుకుంటా. ఏడాదిన్నరగా చూసుకుంటోంది ఎవరనుకున్నావు? నా నీళ్లు, నా నిద్ర, నా స్వెట్టరు, ఇన్ని చేసుకునేది మూల కూర్చోవడానికి కాదురా. ఆ మిషను మీద కూర్చోవడానికి." మాస్టారి వైపు తిరిగింది. "నొప్పొస్తే నేనే చెప్తాను మాస్టారూ, లేచి వెళ్తాను, మళ్లీ వస్తాను. అన్న మాట మీద మాత్రం లేవను. మీరు లేపాలంటే నా కుట్టులో తప్పు చూపించి లేపండి."

మాస్టారు గోడ మీది గడియారం వైపు చూశాడు, ఆగిన నలభై మిషన్ల వైపు చూశాడు. కొత్తమ్మాయి ఆయన చెప్పకముందే లేచి నిలబడింది. "అక్కా, రా. ఇది నా వల్ల కావట్లేదు, పొద్దున్నుంచీ సూదులే విరుగుతున్నాయి" అంది, ప్రాణం లేచొచ్చినట్టు.

ఆమె కూర్చుంది. పెడలు మీద కాలు పెట్టి, పాడైన కుట్టు ఊడదీసి, మళ్లీ మొదలుపెట్టింది.

కాసేపటికి అన్న తలవంచుకుని వచ్చి, కత్తిరించిన కాలర్ల కట్ట ఆమె పక్కన పెట్టాడు. ఆమె చేత్తో ఎత్తి బరువు చూసింది. రోజూ వచ్చేదాంట్లో సగమే ఉంది.

"మిగతా సగం ఎవరి మొహాన కొట్టావు?"

"పక్క మిషనుకు... ఇవాళ్టికి..."

"పోయి పట్రా."

అన్న వెనక్కి తిరిగి వెళ్లాడు.